గీటురాయి మీద తెల్ల గీత

ఉంగరం పోయిందని నేను ఇంట్లో చెప్పిన రోజే మళ్ళీ జరుగుతోంది. బందరులో మా కంసాలి కొట్టే అది, కానీ గోడల వెంట మా కాలేజీ ల్యాబులోని సింకులు ఉన్నాయి, ఒక కుళాయి అంచుకి నీటిచుక్క దిగి పడకుండా అక్కడే ఆగి ఉంది, నాన్న కూర్చునే చోట గోడకి బారోమీటరు వేలాడుతోంది, దాని కింద మా అన్నయ్య వీరాచారి మోకాళ్ళ మీద వంగి, చిన్న కుంచెతో నేలంతా ఊడుస్తూ, ఊడ్చిన దుమ్మును చేటలోకి ఎత్తి వేలితో కెలికి చూస్తున్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు, బీయస్సీ రెండో సంవత్సరం. అయినా నా చీరకి పదో తరగతి పరీక్షల ఇన్విజిలేటరు కార్డు పిన్నుతో గుచ్చి ఉంది, అది యాభై మూడేళ్ళ నాది. ఇద్దరూ నేనే కావడం నాకు వింతగా అనిపించడం లేదు.

అన్నయ్య లేడన్న సంగతి కూడా నాకు తెలుసు. మొన్న మార్చిలో, నేను పరీక్ష హాల్లో ఉండగా, మా ఫోన్లన్నీ చీఫ్ సూపరింటెండెంటు గారి బల్లసొరుగులో ఉండగా పోయాడు. పన్నెండు ముప్పావుకి ఆ సొరుగు తీసి నా ఫోను నా చేతికిచ్చేదాకా, ఆ మూడు గంటలూ నా వరకు అన్నయ్య బతికే ఉన్నాడు. ఇది తెలిసి కూడా నేను, అతని బనీను వీపు మీద చెమట మరక ఎప్పటిలాగే ఉందని గమనిస్తూ, గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"దొరకలేదా అన్నయ్యా?" అంటున్నాను.

"దొరుకుతుందిలే. ఎక్కడికి పోద్ది? కాళ్ళున్నాయా దానికి?" అంటున్నాడు తల ఎత్తకుండా. "ఆ గుమ్మంలో అట్టా దిష్టిబొమ్మలా నిలబడకపోతే లోపలికి రావచ్చు గదా, టీచరమ్మ గారు."

నా కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. అందులో ఉంగరం ఉందని నాకు తెలుసు.

లోపలికి అడుగు పెడుతున్నాను, ఆ ఒక్క అడుగు చాలాసేపు పడుతుంది, అడుగు పూర్తయ్యేసరికి అన్నయ్య నేల మీద లేడు, కుంపటి ముందు తన పీట మీద కూర్చుని ఉన్నాడు, జుట్టు సగం నెరిసి ఉంది, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. కుంపట్లో బొగ్గులు ఎర్రగానే ఉన్నా వేడి నాకు తగలడం లేదు. ఎదురుగా గుడ్డ మీద గొలుసులు, గాజులు, చెవిదుద్దులు పరిచి ఉన్నాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి.

"వెండిపని మొదలుపెట్టావా?" అంటున్నాను.

"ఇదుగో, నువ్వూ అట్టాగే అన్నావు." అన్నయ్య మొహం వెలిగిపోతోంది, లెక్క తప్పింది తను కాదని తేలిన పిల్లాడి మొహంలా. ఒక గాజు తీసి నా ఎడమచేతిలో పెడుతున్నాడు. "తూచి చూడు. చేత్తోనే చూడు, త్రాసు అక్కర్లేదు."

చెయ్యి కిందికి దిగుతోంది. ఆ బరువు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వెండి అంత బరువుండదు.

"బరువు చూస్తే బంగారం," అంటూ అన్నయ్య గాజును నా చేతిలోంచి తీసుకుని గీటురాయి మీద ఒక్క గీత గీస్తున్నాడు. నల్లరాయి మీద సన్నగా తెల్ల గీత పడుతుంది. "గీత చూస్తే వెండి. నేనిక్కడికి వచ్చిన కాడి నుంచీ ఇదే వరస. మొదట్లో నా కళ్ళే పోయాయనుకున్నా. తర్వాత మోసమేమో అనుకున్నా. ఇక్కడ మోసం చేసి ఎవడు ఏం చేసుకుంటాడు, చెప్పు? ఇది చూడు ఇంకా."

పీట పక్కన గచ్చు మీద పాదరసం చుక్క ఒకటి ఉంది. నాన్న ఏనాడూ కొట్టు గడప తొక్కనివ్వని వస్తువు. నేను వెనక్కి జరుగుతున్నాను, అన్నయ్య నవ్వుతూ దాన్ని గోటితో మీటుతున్నాడు. అది దొర్లదు. చొక్కాకి కుట్టే గుండీలా గట్టిగా ఉంది. సుత్తి తీసి దాని మీద ఒక్కటి వేస్తే పలకలా చదునవుతుంది.

"పాదరసం రేకు," అంటున్నాడు. "మన తాతల కాలం నుంచి ఎవరన్నా చూశారంటావా?"

బయట వీధిలో గుడివాడ బస్సు ఆగి ఉంది, డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, ఇంజను కనీసం దగ్గను కూడా దగ్గడం లేదు, లోపల జనం కిటికీల పక్కన తీరిగ్గా కూర్చుని ఉన్నారు, ఎవరూ విసుక్కోవడం లేదు, దిగడం లేదు. బస్సు అద్దం మీద పడిన ఎండ కూడా ఎక్కడ పడిందో అక్కడే ఉండిపోయింది.

అప్పుడు నాకు అర్థమవుతుంది. క్లాసులో ఎవరో ఒకరు హఠాత్తుగా లెక్క పట్టుకున్నప్పుడు వాళ్ళ మొహంలో కనిపించేది ఇప్పుడు నా మొహంలో ఉందని నాకు తెలుస్తుంది, ఎందుకంటే అన్నయ్య ఊదుగొట్టం పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, "తెలిసిపోయిందే దీనికి! చెప్పవే," అంటున్నాడు.

లోహాల రంగు గురించి అతను మొదటిసారి అడిగింది ఇక్కడ కాదు. నాకు బీయీడీ అయి ఉద్యోగం వచ్చిన ఏడు, వదిన భ్రమరాంబ వడ్డిస్తుంటే, ముద్ద చేతిలో పట్టుకుని అడిగాడు. "లోకంలో ఇన్ని లోహాలున్నాయి గదా. రాగి, బంగారం తప్పిస్తే అన్నీ తెలుపో బూడిదరంగో. ఎందుకట్టా?" "వాటి గుణం అంతే అన్నయ్యా," అన్నాను నేను. "అది నాకూ తెలుసు. అంత చదివి నువ్వు కూడా అదే చెప్తే ఎట్టాగే?" అని నవ్వి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం మర్చిపోవడం కాదని ఇద్దరికీ తెలుసు.

కొట్టు తలుపు నల్లబల్ల అయింది. నా ఎడమచేతిలో సుద్దముక్క ఉంది. కుడిచెయ్యి ఇంకా పిడికిలే.

"ప్రతి లోహం పరమాణువుకీ నడిమధ్య ఒక గింజ ఉంటుంది అన్నయ్యా. చుట్టూ ఎలక్ట్రాన్లు. వెండి గింజలో నలభై ఏడు ప్రోటాన్లు. బంగారం గింజలో డెబ్భై తొమ్మిది. ఎన్ని ఎక్కువుంటే లోపలికి అంత గట్టిగా లాగుతుంది. అంత లాగుడుకి తట్టుకోవాలంటే దగ్గరగా ఉన్న ఎలక్ట్రాను పరుగెత్తాలి."

"ఎంత పరుగు?"

"వెలుతురు ఎంత వేగంగా పోతుందో, అందులో సగం కంటే ఎక్కువ."

అన్నయ్య బస్సు అద్దం మీద ఆగిపోయిన ఎండ వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు చూస్తున్నాడు. నేను ఆగుతున్నాను. నలుగురిలోనైనా ఒకరి దగ్గరైనా తప్పు చెప్పకూడదన్నది నా నియమం.

"నిజానికి అది అట్లా గిర్రున తిరగదు. ఇది పిల్లలకి చెప్పే తీరు."

"నాకూ పిల్లలకి చెప్పినట్టే చెప్పు. పెద్దలకి చెప్పినట్టు చెప్తే నేను లేచిపోతా."

"అంత వేగంలో ఏ వస్తువైనా బరువెక్కుతుంది."

"పరుగెత్తితే చిక్కిపోవాలి గానీ బరువెక్కడమేంటే?" అని, అంతలోనే తొడ మీద చరుచుకుని, "నిజమేలే. మీ వదిన డాక్టరు చెప్పాడని ఏడాది పాటు బీచిరోడ్డు దాకా నడిచింది. ఆరు కేజీలు పెరిగింది," అంటున్నాడు. లోపలి గదిలోంచి గాజుల చప్పుడు వినిపిస్తుంది, వదిన విన్నదేమోనని ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాం. వదిన ఇక్కడ లేదు, బతికే ఉంది, ఆ చప్పుడు మాత్రం ఎలాగో ఇక్కడికి వస్తోంది.

"బరువెక్కినది గింజకి ఇంకా దగ్గరగా జరుగుతుంది," అని తలుపు మీద మెట్లు గీస్తున్నాను, పెద్దదొకటి, చిన్నదొకటి. "లోపలివి జరిగితే బయట వరసలు కూడా సర్దుకుంటాయి. ఒక వరస కిందికి దిగుతుంది, ఇంకో వరస కాస్త పైకి లేస్తుంది. ఆ రెండింటి మధ్య మెట్టు ఎత్తు తగ్గుతుంది. వెండిలో ఈ మెట్టు చాలా ఎత్తు. మన కంటికి కనిపించే ఏ రంగుకీ ఎలక్ట్రానుని దాని మీదికి ఎక్కించే బలం లేదు. అందుకని పడ్డ రంగులన్నీ తిరిగి వచ్చేస్తాయి. మనకి తెల్లగా కనపడుతుంది. బంగారంలో మెట్టు తగ్గిందిగా, నీలం రంగు ఎక్కించగలదు. ఎక్కించి, తను అక్కడే ఖర్చయిపోతుంది. తిరిగి రాదు."

"నీలం పోతే మిగిలేది పసుపు."

"అంతే."

అన్నయ్య గాజును వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, దాని కన్నంలోంచి నన్ను చూస్తున్నాడు.

"అయితే బంగారం నీలం తింటుందన్నమాట," అంటున్నాడు చివరికి. "నలభై ఏళ్ళు చేత్తో పట్టుకున్నా. కరిగించా, సాగదీశా, టంకం పెట్టా. అది ఏం తింటుందో కనుక్కోలేదు చూడు." కాసేపటికి, "మరి ఇక్కడెందుకు తినట్లేదు?"

"ఇక్కడ ఏదీ పరుగెత్తదు కదా అన్నయ్యా."

తల ఊపుతున్నాడు. అది విచారంగా ఊపడం కాదు. కొత్తరకం గొలుసు ఎలా అల్లారో విప్పి చూసుకున్నాక ఊపే తల అది.

"పాదరసానికీ అదేనా?"

"అదే. అక్కడ దాని పైవరసలో ఉన్నవి లోపలికి ముడుచుకుని, పక్క పరమాణువుతో గట్టిగా కలవవు. అందుకే కారిపోతూ ఉంటుంది. ఇక్కడ ఆ ముడుచుకోవడం లేదు, కలిసి గట్టిపడింది."

"బస్సుకి?"

"బ్యాటరీలో సీసం ఉంటుంది. అదీ బరువైనదే. పన్నెండు వోల్టుల్లో పది దాకా ఆ పరుగు పుణ్యమేనట."

"పాపం ఆ డ్రైవరుకి ఎవరన్నా చెప్పాలి," అని వీధిలోకి చూసి నవ్వి, నా వైపు తిరిగి, మామూలుగా, నీళ్ళు అడిగినట్టు అడుగుతున్నాడు. "ఇదంతా నీకు ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండేళ్ళయింది. వేసవి ట్రైనింగులో ఒకాయన చెప్పాడు."

"పన్నెండేళ్ళా! మరి చెప్పలేదేం?"

బల్లసొరుగుల్లో ఎక్కడో ఫోను మోగుతోంది. పరీక్ష హాల్లో మాట్లాడకూడదు కదా అనుకుంటున్నాను. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఆ ట్రైనింగు నుంచి బస్సు దిగి తిన్నగా కొట్టుకే బయల్దేరాను, సెంటరు దాకా వచ్చాక ఆగిపోయాను. పసుపు ఎందుకో చెప్తే, తెలుపెప్పుడు అవుతుందని అడుగుతాడు. పాదరసం మాట వస్తుంది. ఆ మాట వస్తే నా మొహం నా మాట వినదు. ఇంకోసారి చెప్తాలే అనుకున్నాను. అలా పన్నెండేళ్ళు.

నాన్న చెయ్యి తగలకుండా అన్నయ్య మొదటిసారి తానొక్కడే చేసిన ఉంగరం అది. నేను కాలేజీలో చేరానని చేశాడు. మరుసటి ఏడు ఒక రోజు ల్యాబులో బల్ల మీద పాదరసం ఒలికి గోళీల్లా పరుగెత్తుతుంటే, అందరూ నవ్వుతుంటే, నేనూ నవ్వుతూ అరచేత్తో వాటిని ఒకచోటికి తోశాను. కంసాలి ఇంట పుట్టినదాన్ని. పైగా ముందు వారమే రికార్డు పుస్తకంలో బంగారం పాదరసంతో కలిసి రసమిశ్రమం ఏర్పరచును అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేయించుకున్నదాన్ని. చెయ్యి తీసేసరికి ఉంగరం తెల్లబడింది. ఇంటికి వెళ్ళి పోయిందని చెప్పాను. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజులు వెతికాడు.

పిడికిలి తెరుచుకుంటోంది. తెరిచింది నేనో కాదో తెలియదు. ఉంగరం గుడ్డ మీద, మిగతా తెల్ల నగల మధ్య పడుతుంది.

"ఇదుగో!" అని అన్నయ్య సగం లేచి నిలబడుతున్నాడు. "చెప్పానా దొరుకుతుందని! చూడు, మామిడిపిందె చివర కాస్త వంకర పోయింది, నా చెయ్యే ఇది. ఎక్కడ దొరికిందే? పాపం ఇది కూడా ఇక్కడికొచ్చి తెల్లబడిపోయింది."

ఇంకేమీ అక్కర్లేదు. నేను నోరు తెరవకుండా ఉంటే చాలు. ఈ చోటే నా తరఫున అబద్ధం చెప్పేసింది, అన్నయ్య నమ్మేశాడు, సంతోషంగా ఉన్నాడు, ఉంగరాన్ని తన చిటికెనవేలి కొసకి తొడిగి అటూ ఇటూ తిప్పుతున్నాడు. గోడ మీద బారోమీటరులో పాదరసం గట్టిపడి, ఎంత ఒత్తిడి ఉందో చెప్పకుండా ఒకే గీత దగ్గర నిలబడి ఉంది.

"కాదన్నయ్యా," అంటున్నాను. "ఇక్కడికొచ్చి కాదు. అక్కడే తెల్లబడింది."

తిప్పడం ఆగుతుంది.

"పాదరసమా?"

"ఊఁ."

"అయితే పోలేదా?"

"పోలేదు."

కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. నేను సుద్దముక్కను పట్టుకుని నిలబడి ఉన్నాను, తప్పు లెక్క చేసి బల్ల దగ్గర నిలబడ్డ పిల్లలు ఎలా ఉంటారో అలా.

"మురిక్కాలవలో చెయ్యి పెట్టించావు గదే నా చేత, మూడు రోజులు!" అంటున్నాడు. గొంతులో కోపం ఉంది, అది చూసి నాకు ప్రాణం కుదుటపడుతోంది. "మోచేతి దాకా! వీధివీధంతా చూస్తుంటే! ఆ కాలేజీ రోడ్డు వెంబడి కంకరరాళ్ళన్నీ తిరగేశా. కండక్టర్ని అడిగా. ఆ సోడాబండి ఆయన్ని దొంగని చూసినట్టు చూశా ఏడాది పాటు, పాపం." ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు ఆగుతున్నాడు. "పాదరసం అని ఒక్క ముక్క చెప్తే పావుగంట పని. కుంపట్లో పెడితే పాదరసం పొగై పోద్ది, పైన మెరుగు పెడితే ఎవరూ కనిపెట్టలేరు. పావుగంట పనికి ఎన్నేళ్ళే?"

"ముప్పై నాలుగు."

"టీచరమ్మవి. లెక్కలు బాగా వచ్చు." కోపం అప్పుడే వెళ్ళిపోతోంది, ఎప్పుడూ అంతే, దానికి అతని దగ్గర నిలవ ఉండే అలవాటు లేదు. "ఎక్కడ దాచావు? మిగతా నగల్లో పెట్టలేదు గదా?"

"లేదు. ఇంకో బంగారానికి తగలకుండా విడిగా స్టీలు డబ్బాలో."

"ఆ మాత్రం తెలివి ఉంది. కంసాలి ఇంటి పిల్లవే."

ఉంగరాన్ని పట్టకారుతో పట్టుకుని కుంపటి మీద పెడుతున్నాడు. ఊదుగొట్టం నోటికి ఆనించుకుంటున్నాడు. బుగ్గలు నిండుతాయి, గొట్టం చివర నుంచి గాలి రాదు. మళ్ళీ ప్రయత్నిస్తున్నాడు. బొగ్గులు అదే ఎరుపులో, బొమ్మలో గీసినట్టు ఉన్నాయి. నేను మొహం తిప్పుకుంటున్నాను, చూడకూడనిది చూస్తున్నట్టు.

"ఇక్కడ అవదులే," అంటున్నాడు, పెద్ద విషయం కాదన్నట్టు, ఉంగరాన్ని నా అరచేతిలో పెడుతూ. "అక్కడే కాల్పించుకో. ఎవరైనా చేస్తారు. తలుపులు తీసి, గాలివాటు చూసుకుని చెయ్యమను. ఆ పొగ మంచిది కాదు, నువ్వు దగ్గర నిలబడకు." ఆగి, కనుబొమలు దగ్గరికి తెచ్చి, "అవునే, కాలిస్తే మళ్ళీ పసుపొస్తుంది గదా. అంటే ఆ పరుగు మళ్ళీ మొదలవుద్దా?"

"ఆగితే కదా అన్నయ్యా మొదలవడానికి. పైన పాదరసం కమ్మింది, అంతే. లోపల ఒక్క క్షణం కూడా ఆగలేదు."

నేను చెప్పింది ఉంగరం గురించే. అతను కూడా అలాగే తీసుకున్నాడు.

కొట్టు గోడలు పల్చబడుతున్నాయి, సింకులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి, అన్నయ్య తన సామాను గుడ్డలోకి ఎత్తుకుంటూ అడుగున ఉన్న రాగితీగ చుట్ట ఒకటి తీసి పట్టుకుంటున్నాడు. నేను వచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉందేమో, నేను చూడలేదు. అది ఎర్రగా ఉంది. ఇంత తెలుపులో, చక్కగా, రాగిలాగే ఎర్రగా ఉంది.

"ఆగాగు," అంటున్నాడు, ఆ కళ్ళు మళ్ళీ అలా వెలుగుతున్నాయి. "రాగి గింజలో ఎన్ని అన్నావు?"

"నేను చెప్పలేదు. ఇరవై తొమ్మిది."

"వెండి కంటే తేలిక గదా. అంత పరుగెత్తాల్సిన పని లేదు గదా. మరి దీనికి రంగెందుకు పోలేదు? ఇదేం తింటుంది?"

"దానికి వేరే కారణం అన్నయ్యా, అది..." అంటూ తలుపు వైపు తిరిగి సుద్దముక్క ఎత్తుతున్నాను, మెట్లు గీయాలి, మొదటి మెట్టు ఎక్కడ నుంచి గీయాలో తెలియడం లేదు, అన్నయ్య నా వెనక ఓపిగ్గా నిలబడి ఉన్నాడు, వీధిలో డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, మళ్ళీ తిప్పుతున్నాడు, ఏదో దగ్గుతోంది, ఇంకోసారి దగ్గుతోంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. కిటికీ కింద, ఎదురింటి అతను స్కూలు పిల్లల కోసం ఆటో బయటికి తీస్తున్నాడు. సెల్ఫు కొట్టాడు, అందుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారి అందుకుంది. "బ్యాటరీలో జీవం ఉందిలే ఇంకా," అని లోపలికి కేకేసి చెప్పాడు.

లేచి బీరువా తీసి, స్టీలు డబ్బా మూత తిప్పాను. ఉంగరం రికార్డు పుస్తకం కాగితంలో చుట్టినది చుట్టినట్టే ఉంది. విప్పి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. మామిడిపిందె చివర కొంచెం వంకరగా ఉంది.

ఉంగరం ఇంకా కాల్పించలేదు. రాగి సంగతి ఇంకా చదవలేదు.